ఒంటిచేతి ఆట

కిందటి వారం రామనాథ్ మాస్టారిని విజయవాడ బస్సెక్కించి, ఆయన భార్య ఉమామహేశ్వరిని నిస్సార్ కంప్యూటర్ షాపు మెట్ల మీద నిలబెట్టి వచ్చాం. పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ పడిందని చెప్పి ఆయన వెళ్ళాడు. గుడికి వెళ్ళొస్తానని చెప్పి ఆవిడ వెళ్ళింది. డ్యూటీ లేదు, గుడీ లేదు. ఒకరికి తెలియకుండా ఒకరు, ఇద్దరూ కొడుకు కోసం కంప్యూటరు కొనడానికే బయల్దేరారు. ఆయన మనసు ల్యాప్‌టాపు మీద, ఆవిడ మనసు డెస్క్‌టాపు మీద.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం ఇంకో రెండు ముక్కలు. గురుచరణ్ వాళ్ళకు ఒక్కగానొక్క కొడుకు. ఇంజనీరింగు రెండో ఏడు. జనవరిలో కాళ్ళూ మొహమూ వాచి హాస్టలు నుంచి ఇంటికొచ్చినవాడు ఏప్రిల్ వచ్చినా తిరిగి వెళ్ళలేదు. మూత్రపిండాల్లో కొద్దిగా వాపు ఉందని, మందులు వాడితే తగ్గుతుందని డాక్టరు చెప్పాడట. డాక్టరు గదిలోకి ఒక్కడే వెళ్ళి బయటికొచ్చిన రామనాథ్ తెచ్చిన కబురు అది. ఆ తర్వాత ఎడమచేతి మణికట్టు దగ్గర చిన్న ఆపరేషన్ కూడా చేశారు. సూదులకు నరం సరిగ్గా దొరకడం లేదు, అందుకని చేశారు అన్నాడు రామనాథ్. ఆ మాటలు నమ్మి తల్లీ కొడుకూ కాలేజీ మళ్ళీ తెరిచే రోజు కోసం ఎదురుచూస్తున్నారు.

మంచివాళ్ళు చెప్పే అబద్ధాలంటే నాకు మహా చిరాకు. చెడ్డవాడు చెబితే కనీసం అనుమానిస్తాం.

ఇక కంప్యూటరు గొడవ. ఇంట్లో పడి ఉన్న పిల్లవాడికి పొద్దు గడవాలి, మంచి ఆటలు ఆడుకోగల కంప్యూటరు కొందామని మొదట అన్నది రామనాథే. కొత్త గొడుగు కొనడానికి రెండు వానాకాలాలు ఆలోచించే మనిషి అలా అనేసరికి తల్లీ కొడుకూ తమ చెవులను తామే నమ్మలేదు. తీరా కొనే వేళకు ల్యాప్‌టాపే కొందాం అని కూర్చున్నాడు. వాళ్ళ ఊరు తిరువూరులో కంప్యూటరు ముఖం చూసిన ప్రతివాడూ డెస్క్‌టాపే అన్నాడు. అదే ఆటను అంత బాగానూ ఆడించే ల్యాప్‌టాపు కావాలంటే దాదాపు రెట్టింపు ధర. పైగా గంట ఆడితే పెనంలా కాలుతుంది. పాడైతే బాగుచేసేవాడు ఊళ్ళో లేడు. గురుచరణ్‌కి కూడా పెద్ద తెర కావాలి, విడి కీబోర్డు కావాలి, గ్రాఫిక్స్ కార్డు కావాలి. హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ వాడి కల అది.

రామనాథ్ మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నాడు. ఎందుకండీ అంటే కరెంటు కోతలన్నాడు. యూపీఎస్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అంటే గదిలో చోటు లేదన్నాడు. గదిలో చోటు చూపిస్తే వినబడనట్టు లేచి స్కూలుకి వెళ్ళిపోయాడు.

ఉమామహేశ్వరి లెక్క వేరు. ల్యాప్‌టాపు చేతికొస్తే కాలేజీ తెరవగానే దాన్ని భుజాన వేసుకుని పోతాడు, ఇక ఇంటి మొహం చూడడు. కదలని వస్తువు ఇంట్లో ఉంటే దాని కోసమైనా ఆదివారాలకు వస్తాడు. ఎవరికీ చెప్పని ఈ లెక్కతో ఆవిడ తన చీటీ పాట డబ్బు తీసుకెళ్ళి నిస్సార్ చేతిలో పెట్టింది.

ఆ రోజే మధ్యాహ్నం భోజనాలయ్యాక నిస్సార్ ఆటోలో దిగాడు. పాతికేళ్ళ వాడు, రామనాథ్ దగ్గరే లెక్కలు నేర్చుకున్నాడు. బస్టాండు దగ్గర షాపు పెట్టి నాలుగేళ్ళయినా మాస్టారు ఎదురైతే ఇప్పటికీ సైకిలు దిగుతాడు. అట్టపెట్టెలు ఒక్కొక్కటే లోపలికి చేరవేస్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"అమ్మగారూ, మాస్టారు వద్దంటే నేనేం చెప్పాలి?"

"నువ్వేం చెప్పక్కర్లేదు నిస్సారూ. నేను చెప్పుకుంటాను. ఆయనొచ్చేసరికి అది వెలుగుతుంటే చాలు. వెలిగేదాన్ని ఆర్పమనే ధైర్యం ఆయనకు లేదు."

గురుచరణ్ మంచం దిగి వచ్చాడు. పాదాల వాపు ఆ రోజు కాస్త తక్కువగా ఉంది. పెట్టెలో నుంచి మానిటరు బయటికి తీస్తుంటే వాడి మొహంలోకి మూడు నెలలుగా లేని రంగు వచ్చింది. తల్లి ఆ మొహమే చూస్తూ నిలబడింది. పాపం, ఆవిడకు అంతకంటే ఏం కావాలి?

నిస్సార్ తీగలు కలుపుతూ పాఠం చెప్పాడు. వాడికది అలవాటు.

"ల్యాప్‌టాపంటే మూత బిగించిన డబ్బా తమ్ముడూ. లోపల ఒకటి పోయిందంటే మొత్తం పోయినట్టే. ఇదలా కాదు. ఏ పార్టు పోతే ఆ పార్టు మార్చుకోవడమే. పదేళ్ళు గుంజొచ్చు."

ఆఖరున యూపీఎస్ బల్ల కింద పెట్టి, గోడ ప్లగ్గు చేత్తో పీకి చూపించాడు. తెర ఆరలేదు. బల్ల కింద నుంచి కీ, కీ అని చప్పుడు మొదలైంది.

"కరెంటు పోతే ఇలా అరుస్తుంది అమ్మగారూ. కంగారుపడకండి. దీని బ్యాటరీ ఎంతోసేపు రాదు, పది నిమిషాలు. ఈలోగా చేసుకునే పనేదో చేసుకుని ఆపేసుకోవాలి. ఆపకపోతే అదే ఆగిపోతుంది."

ప్లగ్గు మళ్ళీ పెట్టాక చప్పుడు ఆగింది. ఉమామహేశ్వరి వేలితో తెర అంచు తాకి, కళ్ళకద్దుకుంది.

"నేను గుడికెళ్ళి మీ తాతయ్య దగ్గర కుంకుమ తీసుకొస్తాను. దీనికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టేదాకా ఆటలు మొదలుపెట్టకండి."

ఆ తాతయ్య, అంటే ఆవిడ మామగారు దత్తాత్రేయులు, శివాలయంలో అర్చకుడు. పొద్దున గుడి పేరు చెప్పి షాపుకెళ్ళిన మనిషి, ఆ బాకీ కూడా తీర్చుకుందామనుకుందేమో, పట్టుచీర కట్టుకుని మరీ వెళ్ళింది. వీధి మలుపు తిరిగిందో లేదో, ఇక్కడ ఆట మొదలైంది.

అది సైనికుల ఆట. ఎడమచేతి వేళ్ళు కీబోర్డు మీద నాలుగు అక్షరాలు నొక్కుతుంటే తెర మీది మనిషి ముందుకూ వెనక్కూ నడుస్తాడు. కుడిచేతిలో మౌసు తిరిగితే గురి చూస్తాడు. రెండు చేతులూ ఒకదాని మాట ఒకటి వినాలి. గురుచరణ్ చేతులు అన్నీ మర్చిపోయాయేమో అనుకున్నాడు నిస్సార్. ఏమీ మర్చిపోలేదు. ఇటుకగోడల మధ్య నుంచి, మెట్ల కింద నుంచి, వాడు పరుగెడుతూనే ఉన్నాడు.

"ఎడమచెయ్యి భేషుగ్గా ఉంది కదా," అన్నాడు నిస్సార్. "మాస్టారు ఊరికే బెంగపెట్టుకున్నారు."

"నా చేతి గురించా? నీతో ఏమన్నారు?"

"పోయిన వారం షాపుకొచ్చారు. నిస్సారూ, ఒక్క కుడిచేత్తో, పడుకునే ఆడుకునే ఆటలు ఏమైనా ఉంటాయా అని అడిగారు. పేకాట, చదరంగం లాంటివి ఉంటాయి సార్, కానీ చరణ్ అవి ఆడడు అన్నాను. ల్యాప్‌టాపు బ్యాటరీ నాలుగు గంటలు వస్తుందా అన్నారు. ఆటలాడితే రెండు గంటలు కూడా రాదు సార్, పక్కన ప్లగ్గు ఉండాలి అని చెప్పాను. ఉంటుందిలే, మంచం పక్కనే ఉంటుంది అన్నారు."

తెర మీద సైనికుడు ఆగిపోయాడు. ఎవరో వెనక నుంచి కాల్చారు. తెర ఎర్రబడింది.

గురుచరణ్ తన మంచం వైపు చూశాడు. కిటికీ కింద మంచం, దాని పక్కన నున్నటి గోడ. ఆ గోడకు ప్లగ్గు లేదు. ఆ గదిలో ఉన్నదే ఒక ప్లగ్గు, దానికి ఇప్పుడు యూపీఎస్ తగిలించి ఉంది.

"నాలుగు గంటలనే అడిగారా? సరిగ్గా నాలుగని?"

"అవును. ఎడమచెయ్యి అసలు కదపకూడదు అని కూడా అన్నారు. ఏం, ఇంకా కుట్లు నొప్పిగా ఉన్నాయా?"

"లేదన్నా. కుట్లు ఎప్పుడో మానాయి."

ఏదో తప్పు జరిగిందని నిస్సార్‌కి అర్థమైంది, ఏం తప్పో అర్థం కాలేదు. షాపు తెరిచే వచ్చానని చెప్పి, అట్టపెట్టెలు దొంతర పెట్టి వెళ్ళిపోయాడు. వాడి మీద కోపం తెచ్చుకోకండి. వాడికి తెలిసింది వాడు చెప్పాడు. ఈ కథలో ఇప్పటిదాకా దాపరికం లేకుండా మాట్లాడినవాడు వాడొక్కడే.

ఒంటరిగా మిగిలాక గురుచరణ్‌కి శౌరయ్య గుర్తొచ్చాడు.

హాస్టలుకు వెళ్ళే రోజుల్లో సోమవారం పొద్దున బస్సులో ఎ.కొండూరు దగ్గర ఎక్కేవాడు శౌరయ్య. నలభై దాటిన రైతు. ఎడమచేతి మీద నరాలు తాళ్ళలా ఉబ్బి ఉండేవి. ఎంత రద్దీగా ఉన్నా ఆ చేత్తో కడ్డీ పట్టుకునేవాడు కాదు. ఒకసారి గురుచరణ్ లేచి సీటిస్తే పక్కనే కూర్చుని తనంతట తనే చెప్పాడు.

"డయాలసిస్ అని, రక్తం కడుగుతారు బాబూ. ఈ చేతికి రెండు సూదులు గుచ్చి నాలుగు గంటలు పడుకోబెడతారు. చెయ్యి కదపకూడదు. పైన ఫ్యాను రెక్కలు లెక్కబెట్టుకోవడమే. వారంలో రెండుసార్లు ఇదే తిరుగుడు." తర్వాత కాస్త నవ్వి, "ఇదిగో, ఇక్కడ చెవి పెట్టి విను. లోపల తేనెటీగ ఉన్నట్టుంటుంది," అని మణికట్టు చాపాడు. గురుచరణ్ సిగ్గుపడి వినలేదు.

దసరా సెలవుల తర్వాత శౌరయ్య ఎక్కలేదు. ఆ పై వారమూ ఎక్కలేదు. కండక్టరుని అడిగితే పైకి చూపించి, టికెట్లు కొట్టుకుంటూ ముందుకెళ్ళిపోయాడు.

గురుచరణ్ ఎడమ మణికట్టు మెల్లగా చెవి దగ్గరకు తెచ్చుకున్నాడు. ఆపరేషనైన వారానికే అక్కడ చర్మం కింద ఏదో సన్నగా వణకడం వాడు గమనించాడు. నాన్నని అడిగితే, కొత్త నరం కదా, సర్దుకుంటుంది అన్నాడు. వాడే సరదాగా అమ్మతో, నా చేతిలో చిన్న ఫ్యాను నడుస్తోంది అని కూడా చెప్పాడు. ఇప్పుడు విన్నాడు. తేనెటీగే. శౌరయ్య చెప్పినదానికి ఒక్క పిసరు తేడా లేదు.

భయం వేసినప్పుడు అరవాలని అందరం అనుకుంటాం. వాడు అరవలేదు. తెర మీద ఆట మళ్ళీ మొదలుపెట్టమని అడుగుతోంది. వాడు కుర్చీలో అలాగే కూర్చుని గుమ్మం వైపు చూస్తూ ఉన్నాడు.

ఎండ వాలాక గేటు చప్పుడైంది. రామనాథ్ భుజాన కొత్త నల్లసంచి వేలాడుతోంది. బస్సు ప్రయాణంతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. మొహంలో మాత్రం పరీక్ష గట్టెక్కినవాడి తేలిక ఉంది. గదిలోకి వచ్చి, వెలుగుతున్న పెద్ద తెర చూసి ఆగిపోయాడు.

"ఇదెక్కడిది?"

"అమ్మ కొన్నది. నిస్సారన్న బిగించి వెళ్ళాడు."

ఆయన కోప్పడతాడని మీరూ నేనూ అనుకుంటాం. ఆయన కోప్పడలేదు. అలసిపోయిన మనిషి అడుగు వేసినట్టు మంచం దగ్గరికెళ్ళి కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అమ్మ ఏది?"

"గుడికెళ్ళింది. నీ సంచిలో ఏముంది నాన్నా? దిద్దాల్సిన పేపర్లా?"

"పేపర్లు కాదు. నీకే తెచ్చాను." ఆయన సంచి జిప్పు లాగడం మొదలుపెట్టాడు. "ల్యాప్‌టాపు. మంచిదే ఇమ్మన్నాను. ఆటలు బాగా వస్తాయన్నాడు. కాస్త బరువే గానీ భుజానికి తగిలించుకోవచ్చు."

"తగిలించుకుని ఎక్కడికెళ్ళాలి?"

"ఎక్కడికైనా. కాలేజీకి."

"కాలేజీలో మంచం పక్కన ప్లగ్గు ఉంటుందా?"

జిప్పు సగంలో ఆగింది.  ముప్పై ఏళ్ళుగా పిల్లల అబద్ధాలు పట్టుకున్న మాస్టారు, తన అబద్ధం పట్టుబడితే ఏం చెయ్యాలో ఎరగడు.

"నాలుగు గంటలు," అన్నాడు గురుచరణ్. "ఎడమచెయ్యి కదపకుండా. వారానికి రెండుసార్లా, మూడుసార్లా?"

బయట వీధిలో మామిడికాయల ట్రాక్టరొకటి వెళ్ళింది. 

"రెండు," అన్నాడు రామనాథ్. "మొదట్లో రెండే."

"ఎప్పట్నుంచి?"

"రేపట్నుంచి. చెయ్యి తయారైందన్నారు."

"రేపంటే... నాకెప్పుడు చెబుదామనుకున్నావు?"

"బస్సెక్కాక."

"ఇది నా ఒళ్ళో పెట్టి?"

రామనాథ్ తల ఊపాడు. ఎంత వెర్రి ఆలోచనో చూడండి. కొత్త బొమ్మ చేతికిచ్చి పిల్లవాడికి టీకా వేయించినట్టు, ల్యాప్‌టాపు ఒళ్ళో పెట్టి ఆ మాట చెబుదామనుకున్నాడు. నెల రోజులు భార్యతో, కొడుకుతో, ఊరితో వాదించింది ఇందుకే. పిచ్చి ప్రేమ అని నవ్వబోయి, నేను కూడా నవ్వలేకపోయాను.

"మందులతో తగ్గుతుందన్నావు కదా నాన్నా."

"తగ్గదన్నారు. రెండు కిడ్నీలూ పోయాయన్నారు. జనవరిలోనే చెప్పారు." ఆయన చొక్కా చేతితో కళ్ళు ఒత్తుకున్నాడు. "ఆ గదిలోకి నన్ను తీసుకెళ్ళి చూపించారు రా. వరసగా మంచాలు. అందరూ వెల్లకిలా పడుకుని పైకి చూస్తున్నారు. ఎవరూ ఎవరితో మాట్లాడట్లేదు. అందులో నువ్వు కూడా అలా పైకి చూస్తూ... ఆ రోజు నుంచి అన్నం ముందు కూర్చున్నా అదే కనబడుతోంది. చేతిలో ఒక ఆటైనా ఉంటే, కాసేపైనా పైకి చూడవు కదా అనుకున్నాను. అంతకంటే నేనేం చెయ్యగలను?"

గురుచరణ్ ఏడవలేదు. తండ్రి ఏడుస్తుంటే వాడికి ఏడుపు రాలేదు.

"నిస్సారన్న చెప్పాడు. దీంట్లో ఏ పార్టు పోతే అది మార్చుకోవచ్చట. నాకు మార్చరా?"

"మార్చొచ్చు. నాది తీసుకోమన్నాను. షుగరుంది, పనికిరాదన్నారు."

"మరి ఇంకెవరిది?"

రామనాథ్ సంచి జిప్పు మళ్ళీ మూశాడు.

"అమ్మదా?"

"అమ్మకు చెప్పకు," అన్నాడు రామనాథ్ గబుక్కున. "నీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పకు. నేను మాట పూర్తి చేసేలోగా తీసుకోండి అంటుంది. నీకు తెలుసుగా దాని సంగతి. ఆపరేషనంటే నాకు భయం రా. నీకేమైనా అయితే, దానికీ ఏమైనా అయితే, ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలితే? నేను ఇద్దర్నీ రెండు మంచాల మీద చూడలేను. అందుకే ఈ మూడు నెలలూ నోరు మూసుకున్నాను."

ఇదీ అసలు సంగతి. వాపూ కాదు, నరమూ కాదు, కరెంటు కోతా కాదు. నిప్పును ఒళ్ళో పెట్టుకుని, చల్లగానే ఉందని అందరికీ చెబుతూ తిరిగాడీ మనిషి. కాలింది ఆయనొక్కడికే అయితే నేను క్షమించేవాణ్ణి. ఈ మూడు నెలల్లో ఆ తల్లి పరీక్ష చేయించుకుని ఉండేది. సరిపోతుందో లేదో ఈపాటికి తేలిపోయేది.

గురుచరణ్ ఆ నల్లసంచి వైపు చూశాడు. తర్వాత కుర్చీ తెర వైపు తిప్పుకున్నాడు.

"ల్యాప్‌టాపు తిరిగిచ్చెయ్యి నాన్నా. డెస్క్‌టాపు ఉంచుకుందాం."

రామనాథ్‌కి ముందు అర్థం కాలేదు. కళ్ళు తుడుచుకుని, పోనీలే అన్నట్టు తల ఊపాడు.

"అలాగే ఉంచుకుందాం. అమ్మ ముచ్చటపడి కొంది. ఇదీ ఉండనీ. ఇంట్లో దాని మీద ఆడుకో, అక్కడికి వెళ్ళినప్పుడు..."

"అక్కడికి నేను రాను."

"అదేంట్రా?"

"రక్తం కడిగించుకునే శౌరయ్యని నేను చూశాను నాన్నా. రేపు నువ్వెక్కించే బస్సులోనే ఆయనా తిరిగాడు. ఎక్కడ ఎక్కేవాడో, ఏ సీట్లో కూర్చునేవాడో, ఎప్పుడు ఎక్కడం మానేశాడో నాకు తెలుసు. నన్ను ఆ మంచం మీద పడుకోబెట్టి, నీకు నిద్ర లేకుండా చేసి, ఆఖరికి అమ్మ పొట్ట కోయించి... వద్దు. నేను ఇంట్లోనే ఉంటాను. ఉన్నన్నాళ్ళు రెండు చేతులతో ఆడుకుంటాను."

పంతొమ్మిదేళ్ళ వాడి మాట. కోపమో, భయమో, తల్లి మీద ప్రేమో, మూడూ కలిపో. అయితే వాడి గొంతులో బెదిరింపు లేదు. దుకాణంలో రెండు వస్తువులు చూసి ఒకటి చాలు అన్నట్టు చెప్పాడు. అందుకే రామనాథ్ ఆ మాట నమ్మాడు. 

గుమ్మం దగ్గర చిన్న చప్పుడైంది.

ఉమామహేశ్వరి నిలబడి ఉంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కుంకుమ పొట్లం, మందారపూలు, ఒక కొబ్బరికాయ. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఎక్కడి నుంచి విన్నదో తండ్రీ కొడుకులిద్దరికీ ఆ మొహం చూస్తే తెలిసింది.

ఆవిడ ఏడ్చి మీద పడుతుందని రామనాథ్ భయపడ్డాడు. మూడు నెలలుగా ఆయన భయపడింది ఆ క్షణానికే. ఆవిడ ఏడవలేదు. పళ్ళెం అట్టపెట్టెల మీద పెట్టింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, కొడుకు కుర్చీ వెనక నుంచి గోడ దాకా వెళ్ళి, వంగి, ప్లగ్గు పట్టుకుని లాగేసింది.

బల్ల కింద నుంచి కీ, కీ అని మొదలైంది. తెర ఆరలేదు.

"రేపు ఎన్నింటి బస్సండీ?" అని అడిగింది.

"ఆరింటికి," అన్నాడు రామనాథ్.

"మూడు టికెట్లు తీసుకోండి."

"అమ్మా, నువ్వు రావద్దు. నేనూ వెళ్ళట్లేదు."

"నీ కోసం కాదు. నాకు డాక్టరుతో పని ఉంది." ఆవిడ ఇంకా కొడుకు మొహంలోకి చూడలేదు. చేతిలో ప్లగ్గు పట్టుకునే నిలబడింది. "నువ్వు వచ్చినా రాకపోయినా నేను ఆ బస్సెక్కుతాను. నీ ఇష్టం. కానీ ఇది ఇంట్లో ఉండటానికి వీల్లేదు. పొద్దున్నే నిస్సార్‌ని పిలిచి తీసుకెళ్ళిపొమ్మంటాను. నేనే తెచ్చాను, నేనే పంపేస్తాను."

నెల రోజులుగా డెస్క్‌టాపు కోసం పోట్లాడిన మనిషి ఆవిడే. కదలని వస్తువు ఉంటే కొడుకు ఇంట్లో ఉంటాడని కోరుకున్నది ఆవిడే. ఆ కోరిక ఇలా తీరుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

"చరణ్," అన్నాడు రామనాథ్. "అమ్మ మాట విను."

గురుచరణ్ తల్లి చేతిలోని ప్లగ్గు వైపు చూశాడు. తండ్రి ఒళ్ళోని నల్లసంచి వైపు చూశాడు. కిందన యూపీఎస్ ఆగకుండా అరుస్తోంది. బ్యాటరీ ఎంతోసేపు రాదని, ఆపకపోతే అదే ఆగిపోతుందని మధ్యాహ్నం నిస్సార్ చెప్పింది ఆ గదిలో తల్లికీ కొడుక్కీ గుర్తుంది.

 వాడు కుర్చీ ముందుకు జరుపుకుని, రెండు చేతులూ బల్ల మీదికి చాపి, ఆట మళ్ళీ మొదలుపెట్టాడు.